మీటరులో పసుపు దీపం



బండి బాగానే నడుస్తుంటుంది. పికప్ తగ్గలేదు, చప్పుడు మారలేదు. ఉన్నట్టుండి మీటరులో ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలుగుతుంది. దేవరకొండలో కారున్న ప్రతి ఇంటికీ ఏదో ఒకనాడు ఎదురయ్యేదే ఇది. మనం ఏం చేస్తాం? షెడ్డుకు తోలుకుపోయి "అన్నా, ఈ లైటు జర తీసెయ్యి" అంటాం. ఆయన స్కానర్ పెట్టి, కోడు చెరిపేసి, లైటు తీసేస్తాడు. ఎంతో కొంత ఇచ్చి ఇంటికొస్తాం. వారం తిరక్కముందే లైటు మళ్లీ వస్తుంది. ఈసారి "సెన్సార్ పోయింది సార్, మార్చాలె" అన్న మాట వినబడుతుంది. సెన్సార్ మారుస్తాం. కొన్నాళ్లకు లైటు మళ్లీ హాజరవుతుంది.

ఈ తిరుగుడు చాలామటుకు ఆపొచ్చు. ఆ దీపం ఎందుకు వెలిగిందో ఇంటి వాకిట్లోనే, మన చేతిలోని ఫోనుతోనే చదువుకోవచ్చు. బాగుచేయడం అన్నిసార్లూ మనవల్ల కాకపోవచ్చు గానీ, చదవడం దాదాపు ప్రతిసారీ అవుతుంది. చదవకుండా ఒక్క రూపాయి ఖర్చు పెట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఎందుకలా అంటున్నానో చెప్తాను.

అంతకన్నా ముందు, దారిలో ఉండగా దీపం వెలిగితే ఏం చేయాలి? పసుపు దీపం నిలకడగా వెలుగుతూ బండి మామూలుగానే సాగుతుంటే నడిరోడ్డు మీద ఆపి కంగారు పడాల్సిన పనిలేదు. వేగం తగ్గించుకుని మెల్లగా ఇల్లు చేరొచ్చు. అదే దీపం ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటుంటే మాత్రం సంగతి వేరు. ఏదో ఒక సిలిండరులో పెట్రోలు మండకుండానే బయటికి పోతోందని దానర్థం. మన మెకానిక్‌లు "మిస్సింగ్ కొడుతోంది" అనేది దీన్నే. ఆ మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉండే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. లోపలి జాలీ కరిగిపోయేంత వేడి పుడుతుంది. వెంటనే యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసి, పక్కకు ఆపాలి. ఇక ఎర్ర రంగులో నూనె డబ్బా బొమ్మ గానీ, ఇంజిన్ వేడెక్కిందని చెప్పే బొమ్మ గానీ వెలిగితే ఆలోచించడానికి వ్యవధి లేదు. ఆ క్షణమే ఇంజిన్ ఆపేయాలి.

డిండి మీదుగా శ్రీశైలం పోయేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ అడవి. చాలా దూరం ఫోన్ సిగ్నల్ దొరకదు, రాత్రిపూట గేటు మూసేస్తారు, ముందున్నది ఘాటు. దీపం కొట్టుకుంటుంటే మన్ననూరుకు ఇవతలే ఆగిపోండి. దర్శనం మర్నాడైనా అవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ దీపాన్ని కార్లలో ఎందుకు పెట్టారు? బండి ఆగిపోకుండా మనల్ని హెచ్చరించడానికి అని అనుకుంటాం. దాని పుట్టుక వేరు. 1943 జులైలో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరం మీద ఘాటైన పొగమంచు లాంటిది కమ్ముకుంది. జనం కళ్లు మండాయి, ఊపిరాడలేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు కావడంతో శత్రువులు విషవాయువు వదిలారేమోనని కూడా భయపడ్డారు. ఆ పొగ ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చింది ఏరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త. అంతకుముందు ఆయన అనాసపండు వాసనకు కారణమైన పదార్థాల మీద పనిచేసేవాడు. కార్ల నుంచీ చమురు శుద్ధి కర్మాగారాల నుంచీ వచ్చే ఆవిర్లు ఎండలో మారిపోయి ఓజోన్ పుడుతోందని 1950ల మొదట్లో ఆయన నిరూపించాడు. 1968లో కాలిఫోర్నియా గాలి వనరుల బోర్డుకు మొదటి అధ్యక్షుడయ్యాడు. ఆ బోర్డు పట్టుదల వల్లే 1988 మోడల్ నుంచి అక్కడి కార్లు తమ లోపాలను తామే కనిపెట్టి దీపం వెలిగించడం తప్పనిసరి అయింది. 1996 మోడల్ నుంచి అమెరికా మొత్తం మీద అన్ని కంపెనీలకూ ఒకే రకం ప్లగ్గు, ఒకే రకం కోడ్లు వచ్చాయి. ఆ పద్ధతి పేరే ఓబీడీ-2.

అంటే ఈ దీపం ముందుగా గాలి కోసం పుట్టింది. సైలెన్సర్ నుంచి వచ్చే పొగ హద్దు దాటుతోందని గానీ, దాటే వీలుందని గానీ ఇంజిన్ కంప్యూటర్‌కు తోచినప్పుడు అది వెలుగుతుంది. బండి జోరుగా నడుస్తున్నా దీపం ఎందుకు వెలిగిందని చాలామంది అడుగుతుంటారు. కారణం ఇదే. నడకలో మనకు తెలియని తేడా పొగలో దానికి తెలుస్తుంది. "బండి మంచిగనే ఉంది కదా" అని నెలల తరబడి వదిలేస్తే రెండు నష్టాలు. మన వీధిలో పిల్లలు పీల్చే గాలి చెడుతుంది. చిన్న ఖర్చుతో పోయేది కెటలిటిక్ కన్వర్టర్ మార్చే దాకా వస్తుంది. ఆ కన్వర్టర్‌లో ఉండేవి ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే లోహాలు, కాబట్టి దాని ధర ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మన దేశంలో బీఎస్-4 ప్రమాణాలు 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో మొదలయ్యాయి. బీఎస్-4 బండ్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. 2017 ఏప్రిల్ నాటికి దేవరకొండ లాంటి ఊళ్లతో సహా దేశమంతటా బీఎస్-4 వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి అంతా బీఎస్-6. అందువల్ల మీ కారు కొన్నది 2017 తర్వాతైతే ఈ పద్ధతి నిక్కచ్చిగా పనిచేస్తుంది. అంతకు ముందుదైతే ఆర్సీ చూసుకోండి. బీఎస్-3 బండ్లలో కొన్నింటికి ప్లగ్గు ఉంటుంది గానీ మామూలు స్కానర్‌తో మాట్లాడదు.

ఆ ప్లగ్గు ఎక్కడుంటుంది? డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగ్ కింద, మోకాళ్ల పైభాగంలో చెయ్యి పెట్టి తడమండి. 16 రంధ్రాలున్న, ఒకవైపు వెడల్పు తగ్గే సాకెట్ తగులుతుంది. కొన్ని బండ్లలో ఫ్యూజుల మూత వెనక ఉంటుంది. దానికి పెట్టే బ్లూటూత్ స్కానర్ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. ధర కొన్ని వందల రూపాయల నుంచి మొదలవుతుంది. ఫోనులో టార్క్ గానీ, కార్ స్కానర్ గానీ, అలాంటి మరో యాప్ గానీ వేసుకోవాలి. కారు తాళంచెవి ఆన్ చేసి, ఫోనును స్కానర్‌తో కలిపి, కోడ్లు చదవమంటే చదువుతుంది. పని అయ్యాక స్కానర్‌ను తీసేయడం మరవొద్దు. తాళం తీసినా ఆ సాకెట్‌కు బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే బ్యాటరీ మెల్లగా దిగిపోతుంది.

కోడులో ఒక అక్షరం, నాలుగు అంకెలు ఉంటాయి. పి అంటే ఇంజిన్, గేరుబాక్సుల సంగతి. బి అంటే బాడీ, సి అంటే ఛాసిస్, యు అంటే బండిలోని కంప్యూటర్ల మధ్య సంభాషణ తెగిందని. అక్షరం పక్కన సున్నా ఉంటే ఆ కోడు అర్థం అన్ని కంపెనీలకూ ఒకటే. ఒకటి ఉంటే ఆ కంపెనీ సొంత కోడు. తర్వాతి అంకె ఏ విభాగమో చెప్తుంది. ఒకటి, రెండు అయితే గాలీ ఇంధనమూ, మూడైతే స్పార్క్ ప్లగ్గు మంట, నాలుగైతే పొగ శుద్ధి. పి 0301 కనబడితే మొదటి సిలిండరులో మిస్సింగ్ అని మనకే అర్థమైపోతుంది.

కోడు చూడగానే చెరిపేయకండి. ముందు దాన్ని కాగితం మీద రాసుకోండి. ఆ కోడు పడిన క్షణంలో బండి పరిస్థితిని కంప్యూటర్ దాచిపెట్టి ఉంచుతుంది. యాప్‌లో దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. అప్పటి వేగం, ఇంజిన్ తిరుగుళ్లు, వేడి, లోడు అన్నీ అందులో ఉంటాయి. లోపం చల్లటి ఇంజిన్ మీద వచ్చిందా, మాల్ దాటి ఎనభైలో పోతుంటే వచ్చిందా అన్నది దాంతో తెలిసిపోతుంది. కోడు చెరిపితే ఆ సాక్ష్యం కూడా పోతుంది. బ్యాటరీ తీగ తీసి పెట్టినా చాలా బండ్లలో అంతే. షెడ్డులో ముందు లైటు తీసేసి ఆ తర్వాత లోపం వెతకడం మొదలుపెడితే చీకట్లో వెతికినట్టే అవుతుంది. ఈ ఒక్క అలవాటు మానితే ఎన్నో అనవసరపు సెన్సార్లు మార్చకుండా మిగులుతాయి.

ఒకేసారి అయిదారు కోడ్లు, ఒకదానికొకటి పొంతన లేనివి కనబడితే కంగారు పడి ఒక్కొక్కదాని వెంట పరుగెత్తకండి. ముందు బ్యాటరీ చూడండి. మల్టీమీటర్ చాలు. రాత్రంతా నిలిపిన బండి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు తొమ్మిదిన్నర కన్నా కిందికి పడిపోతే బ్యాటరీ అలిసిపోయినట్టు. కరెంటు సరిగా అందని కంప్యూటర్ ఏదేదో చెప్తుంది. బ్యాటరీ టెర్మినళ్లకు తెల్లటి బూజు పట్టి ఉంటే కడిగి బిగించండి. ఇంజిన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ తీగ వదులైందేమో చూడండి. చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది.

ఇక అందరూ తరచూ చూసే కోడు పి 0171. ఇంజిన్‌కు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అవుతోందని దీని భావం. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక గ్రాము పెట్రోలుకు పద్నాలుగున్నర గ్రాములకు పైగా గాలి కావాలి. సైలెన్సర్‌లో ఉన్న ఆక్సిజన్ సెన్సార్ మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచి కంప్యూటర్‌కు చెప్తూ ఉంటుంది. "గాలి ఎక్కువైంది" అని అది చెప్తే కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. ఎంత పెంచినా చాలక, హద్దు దాటినప్పుడు దీపం వెలిగిస్తుంది. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది. కబురు చెప్పింది ఆక్సిజన్ సెన్సార్ కాబట్టి దాన్నే మారుస్తారు. చివరి మడికి నీళ్లందడం లేదని తెలిస్తే మన రైతు ఆ మడిని తవ్వుకుంటూ కూర్చోడు. బోరు దగ్గరికి పోయి మోటరు చూస్తాడు, స్టార్టర్ చూస్తాడు, పైపు ఎక్కడ పగిలిందో నడుచుకుంటూ చూస్తాడు. ఈ కోడుకు కూడా అదే నడక కావాలి.

ఆ నడకకు దారి యాప్‌లోనే ఉంది. ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూడండి. కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో అది చెప్తుంది. పది శాతం లోపు అటూఇటూ ఉంటే మామూలే. ఐడ్లింగ్‌లో అది ఇరవై దాకా ఉండి, ఇంజిన్‌ను 2500 తిరుగుళ్లకు లేపినప్పుడు మామూలుకు దిగిపోతే, కొలతకు అందని గాలి ఎక్కడో లోపలికి దూరుతోందన్నమాట. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తర్వాత వచ్చే రబ్బరు గొట్టం చీలిందేమో, సన్నటి వాక్యూమ్ పైపు ఊడిందేమో చూడాలి. మన ఎండలకు రబ్బరు గట్టిపడి బీటలు వారడం సహజం. ఇంజిన్ నడుస్తుండగా చెవి పెడితే సుయ్యిమని వినబడుతుంది. కరెంటు కనెక్టర్లకు తగలకుండా ఆ చోట కొద్దిగా నీళ్లు పిచికారీ చేస్తే ఐడ్లింగ్ ఒక్క క్షణం మారుతుంది. పెట్రోలు, కార్బ్ క్లీనర్ లాంటివి వేడి ఇంజిన్ మీద చల్లొద్దు, మంటలు లేస్తాయి. అలా కాకుండా తిరుగుళ్లు పెరిగేకొద్దీ ఆ అంకె కూడా పెరుగుతుంటే పెట్రోలే సరిగా రావడం లేదు: పంపు బలహీనపడింది, లేదా ఫిల్టర్ మూసుకుంది, లేదా గాలి కొలిచే సెన్సార్ దుమ్ము పట్టి తక్కువ చూపుతోంది. ఈ లెక్క గాలిని నేరుగా కొలిచే సెన్సార్ ఉన్న బండ్లకు బాగా పనికొస్తుంది. పీడనం కొలిచే సెన్సార్ ఉన్న చిన్న కార్లలో గాలి దూరితే కోడు పడకపోవచ్చు, ఐడ్లింగ్ మాత్రం ఉండాల్సిన దానికన్నా పెరుగుతుంది.

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి అదే గాలికి ఇంధనం కాస్త ఎక్కువ కావాలి. పాత కార్లలో ఫ్యూయల్ ట్రిమ్ కొన్ని శాతం పైకి జరగడానికి ఇదొక కారణం. ఇంజిన్‌లో అప్పటికే ఓ చిన్న గాలి లీకు ఉంటే రెండూ కలిసి హద్దు దాటిస్తాయి. మరో మాట. తండాల్లో, చిన్న ఊళ్లలో సీసాల్లో అమ్మే పెట్రోలు అత్యవసరమైతే తప్ప కారులో పోయకండి. అందులో ఏం కలిసిందో, ఎన్నాళ్లు నిలవుందో మనకు తెలియదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని ఇట్టే పీల్చుకుంటుంది.

మిస్సింగ్ కోడు వస్తే ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. దాన్ని నేర్చుకుంటే పెద్ద మెకానిక్ చేసే పని సగం నేర్చినట్టే. పి 0301 వచ్చిందనుకుందాం. ఇంజిన్ చల్లారాక, తాళం తీసేసి, మొదటి సిలిండరు మీది ఇగ్నిషన్ కాయిల్‌ను రెండో దాని మీదికీ, రెండోదాన్ని మొదటిదాని మీదికీ మార్చండి. ఒక బోల్టు, ఒక కనెక్టర్, అంతే పని. కోడు అప్పటికే రాసుకున్నారు కాబట్టి ఇప్పుడు చెరిపి, బండి నడపండి. ఈసారి పి 0302 వస్తే కాయిల్‌దే తప్పు, లోపం దాని వెంటే కదిలింది. మళ్లీ పి 0301 వస్తే కాయిల్ మంచిది. అప్పుడు స్పార్క్ ప్లగ్గులు మార్చి చూడండి. అక్కడా తేలకపోతే ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి, అది షెడ్డు పని. రెండేసి సిలిండర్లకు ఒకే కాయిల్ ఉండే పాత ఏర్పాటులో ఒకటి, నాలుగు కలిసి మిస్సింగ్ కొడితే అనుమానం నేరుగా ఆ కాయిల్ మీదికే పోతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా నిజం తేలిపోయే ఇలాంటి పరీక్షలంటే నాకు ఎంతో ఇష్టం.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక శత్రువు గురించి కాస్త నిదానంగా చెప్పాలి. అది ఎలుక. పత్తి ఏరే కాలంలో, పల్లికాయ ఇంటికొచ్చే కాలంలో వాకిట్లో బస్తాలు, పక్కనే కారు. రాత్రి చల్లబడ్డాక వెచ్చటి ఇంజిన్ ఎలుకకు హాయిగా ఉంటుంది. బానెట్ ఎత్తి చూస్తే ఇంజిన్ మూత కింద పత్తి పింజలు, పల్లీ తొక్కలు కనబడ్డ బండ్లు మన ఊళ్లో ఎన్నో.

మా వీధిలోని ఒక టీచరు గారి కారుకు ఇలాగే పి 0113 కోడు పడింది. ఇంజిన్‌లోకి పోయే గాలి వేడిని కొలిచే సెన్సార్ సర్క్యూట్‌లో వోల్టేజి ఎక్కువైందని దానర్థం. మే నెల మధ్యాహ్నం, కొండ మీది కోట గోడలు సెగలు కక్కుతున్న వేళ, ఫోనులో గాలి ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలు! ఆయన మెకానిక్‌కు ఫోను చూపించి, "ఏందన్నా ఇది, గింత ఎండల మైనస్ నలభై చూపెడ్తుంది?" అని అడిగారు. మెకానిక్ అనుభవమున్న మనిషి. "సెన్సార్ మంచిగనే ఉంటది సార్. వైరు తెగింది. ఎలక పని" అన్నాడు చూడకముందే. వెతికితే ఎయిర్ ఫిల్టర్ డబ్బా వెనక తీగ కొరికి ఉంది.

ఆయనకు ఎలా తెలిసింది? ఆ సెన్సార్ వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గే చిన్న పూస. తీగ తెగితే కరెంటు అసలు పోదు, కంప్యూటర్ దాన్ని అంతులేని చలిగా చదువుతుంది. చాలా బండ్లలో ఆ అంకె మైనస్ 40 దగ్గర ఆగుతుంది. చెడిపోయిన సెన్సార్ కాస్త తప్పు చెప్తుంది గానీ దేవరకొండలో సైబీరియా చలి చూపడం చాలా అరుదు. ఇంట్లో రుజువు చేసుకోవాలంటే కనెక్టర్ ఊడదీసి, తాళం ఆన్ చేసి, మల్టీమీటర్‌తో చూడండి. తీగ వైపు 5 వోల్టులు రావాలి. రాకపోతే తీగే తెగింది. వోల్టులు వస్తుంటే సెన్సార్ రెండు కాళ్ల మధ్య నిరోధం చూడండి. మామూలు గది వేడిలో రెండు వేల ఓముల చుట్టుపక్కల ఉంటుంది. ఏమీ చూపకపోతే అప్పుడు సెన్సార్ మార్చండి. సెన్సార్ కొనే ముందు ఐదు నిమిషాలు పట్టే ఈ పని ఎవరైనా చేయొచ్చు.

కొరికిన తీగను మెలిపెట్టి టేపు చుట్టడం మనకు అలవాటు. అయిదు వోల్టుల సర్క్యూట్‌లో అలాంటి అతుకు వానాకాలానికి చిలుము పట్టి మళ్లీ కోడు తెస్తుంది. సోల్డర్ పెట్టి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగించండి. ఎలుక రాకుండా నాఫ్తలీన్ ఉండలు, పొగాకు కాడలు పెట్టేవాళ్లు ఉన్నారు. వాసన ఉన్నన్నాళ్లు కొంత పనిచేస్తాయి. అయితే గుడ్డలో కట్టి సైలెన్సర్ పైపు దగ్గర పెట్టొద్దు, అంటుకుంటుంది. అన్నిటికన్నా మేలైంది బస్తాలను కారుకు దూరంగా పెట్టడం, బండిని రోజుల తరబడి కదలకుండా ఉంచకపోవడం.

అమెరికా వీడియోల్లో ఒక సలహా వినబడుతుంది: దీపం వెలిగితే ముందు పెట్రోలు ట్యాంకు మూత బిగించు అని. అక్కడ అది నిజమే. అక్కడి కార్లు ట్యాంకు నుంచి ఆవిరి లీకవుతోందేమో తామే పరీక్షించుకుంటాయి. మన నిబంధనలు యూరప్ దారిలో వచ్చినవి. అక్కడ ఆ లీకు పరీక్ష తప్పనిసరి కాదు. అందుకే మన కార్లలో మూత వల్ల దీపం వెలగడం తక్కువ. కానీ మన పిల్లలు డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో పాత కారు కొనుక్కుని "నాన్నా, చెక్ ఇంజిన్ లైటు వచ్చింది" అని ఫోన్ చేస్తే మాత్రం మొదట మూతే చూడమనండి. ఆ నగరాల్లో పొగ పరీక్షకు పోయినప్పుడు దీపం వెలుగుతూ ఉంటే బండి తప్పుతుంది. అక్కడ విడిభాగాల దుకాణాల్లో కోడు ఉచితంగా చదివి పెట్టే సౌకర్యం ఉంది.

డీజిల్ బండి వాళ్లకు రెండు మాటలు. బీఎస్-6 డీజిల్ బండ్లలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఉంటుంది, దాన్ని డీపీఎఫ్ అంటారు. మసి నిండగానే బండి దాన్ని తనంతట తనే కాల్చేస్తుంది. అందుకు సైలెన్సర్ బాగా వేడెక్కాలి. బస్టాండు నుంచి అంగడికి, అంగడి నుంచి ఇంటికి తిరిగే బండికి ఆ వేడి ఎన్నడూ రాదు. అప్పుడు మసి పేరుకుని పి 2463 లాంటి కోడు వస్తుంది. మొదటి దశలోనే చూసుకుంటే మందు సులువు. కొండమల్లేపల్లి పోయి సాగర్ రోడ్డు ఎక్కి, పావుగంట, ఇరవై నిమిషాలు అరవైకి తగ్గకుండా ఒకే వేగంతో నడపండి, మధ్యలో ఇంజిన్ ఆపకండి. దిగాక ఎండుగడ్డి మీద బండి నిలపొద్దు. మసి కాల్చడం పదేపదే సగంలో ఆగిపోతే డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. గేజి కడ్డీ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతోందంటే ఆయిల్ మార్చాల్సిందే. ఆ ఫిల్టర్‌ను లోపల పగలగొట్టి ఖాళీ చేయించమని సలహా ఇచ్చేవాళ్ల మాట దయచేసి వినకండి. అది చట్టానికి విరుద్ధం, మన ఊపిరికి ద్రోహం.

పి 0420 అనే కోడు వస్తే కెటలిటిక్ కన్వర్టర్ పని తగ్గిందంటుంది. ఇక్కడా తొందర వద్దు. సైలెన్సర్ పైపులో లీకున్నా, మిస్సింగ్ ఉన్నా ఇదే కోడు రావచ్చు. అవి సరిచేసి, ఆ తర్వాతే కన్వర్టర్ సంగతి.

ఇంట్లో ముట్టుకోకూడనివీ ఉన్నాయి. డీజిల్ ఇంజెక్టర్ల పైపులో పీడనం వెయ్యి బార్ దాటి ఉంటుంది, సన్నటి లీకు కూడా చర్మాన్ని చీల్చుకుపోతుంది. ఎయిర్‌బ్యాగు తీగలు, హైబ్రిడ్ బండ్లలోని నారింజ రంగు కేబుళ్ల జోలికి పోవద్దు. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తిప్పొద్దు.

మన ఊరి మెకానిక్ అన్నలతో కూడా ఒక మాట. అంబాసిడర్, మారుతి 800 రోజుల్లో స్క్రూడ్రైవర్‌తో కార్బరేటర్ తిప్పి, చెవితో విని ఇంజిన్‌ను దారికి తెచ్చిన చేతులు మీవి. ఆ చెవి ఇప్పటికీ అక్కరకొస్తుంది. స్కానర్ చూపే కోడుకు ఆ చెవి తోడైతే, హైదరాబాద్ దాకా బండి పంపాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. వినియోగదారు కాగితం మీద కోడు రాసుకుని వస్తే చిన్నబుచ్చుకోకండి. ఆ కాగితం మీ సమయాన్ని మిగుల్చుతుంది. కారున్నవాళ్లు కూడా ఆ కాగితంలో కోడుతో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలు, ఇంట్లో చేసిన పరీక్షలు, బండి చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఎత్తు ఎక్కేటప్పుడా నిలిచి ఉన్నప్పుడా లోపం వస్తోందన్న సంగతి రాయండి. "సెన్సార్ మార్చు" అని మాత్రం రాయకండి.

కొత్త మోటారు సైకిళ్లకు కూడా 2020 నుంచి ఈ పసుపు దీపం వచ్చింది. వాటి సాకెట్ చిన్నది, కారు స్కానర్ నేరుగా పట్టదు, మధ్యలో అడాప్టర్ తీగ కావాలి. చదివే పద్ధతి మాత్రం ఇంచుమించు ఇదే.

లోపం నిజంగా పోతే దీపాన్ని ఆర్పాల్సిన పని కూడా లేదు. చాలా బండ్లలో వరుసగా మూడు ప్రయాణాల్లో తప్పు కనబడకపోతే అదే ఆరిపోతుంది. కోడు మాత్రం లోపల మరికొన్నాళ్లు నిలిచి ఉండి, ఇంజిన్ నలభై సార్లు చల్లబడి వేడెక్కాక చెరిగిపోతుంది. మీరే చెరిపితే మాత్రం వారం తర్వాత ఇంకోసారి స్కానర్ పెట్టి, పెండింగ్ అన్న చోట చూడండి. లోపం తిరిగి వస్తుంటే దీపం వెలగకముందే కోడు అక్కడ చేరి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే మీ రిపేరు నిలిచినట్టే.